సముద్రగాలి తగిలే ఇంట్లో వెస్టర్న్ ఫొటో ఫ్రేములు: కొన్నేళ్లు వాడాక

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటుంది మా ఫ్లాట్. హాల్లో ఒక గోడంతా వెస్టర్న్ స్టైల్ ఫ్రేములే. కొన్నేళ్లుగా వాటిని తుడుస్తూ, సర్దుతూ వచ్చాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: షాపులో ముందు చూడాల్సింది ఫ్రేము డిజైన్ కాదు, లోపలి మౌంట్.

మౌంట్ అంటే ఫొటో చుట్టూ వేసే మందపాటి అట్ట. మన పాత పటాల్లో అద్దాన్ని నేరుగా ఫొటో మీదే ఆనించి బిగించేవారు. వానాకాలం చెమ్మకి ఫొటో అద్దానికి అతుక్కుపోయేది, తీయబోతే పైపొర ఊడొచ్చేది. మా తాతయ్య ఫొటోలో భుజం దగ్గర అలాగే పోయింది. మౌంట్ ఉంటే అద్దం ఫొటోకి తగలదు. మా 8×12 అంగుళాల ఫొటోలకు 12×16 ఫ్రేములు తీసుకుని చుట్టూ రెండేసి అంగుళాల మౌంట్ వేయించాం. ఇంతవరకూ ఒక్కటీ అంటుకోలేదు, పైగా చిన్న ఫొటో కూడా గోడ మీద నిండుగా కనిపిస్తోంది. అట్ట యాసిడ్ ఫ్రీదేనా అని తప్పకుండా అడగండి. మామూలు అట్ట కాలక్రమంలో పసుపుబారుతుంది, ఆ మరక ఫొటోకీ పాకుతుంది.

ఆన్‌లైన్‌లో సెట్టుగా తెప్పించిన ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) ఫ్రేములు మొదట్లో ముచ్చటగానే ఉన్నాయి. తర్వాత చెమ్మ పీల్చి కింది మూలలు ఉబ్బాయి, పైన అంటించిన చెక్క డిజైన్ కాగితం లేచిపోయింది. చెమ్మ ఉన్న ఇళ్లకు అవి వద్దు. సింథటిక్ మోల్డింగ్‌వి, అంటే ప్లాస్టిక్ పట్టీలతో చేసినవి, చెమ్మకీ చెదకీ లొంగవు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కాకపోతే దగ్గరికెళితే ప్లాస్టిక్ మెరుపు తెలిసిపోతుంది. టేకువి ఖరీదైనా నాకు అవే ఇష్టం. మూలల్లో 45 డిగ్రీల అతుకు ఇప్పటికీ వేలితో తడిమినా తెలియదు.

లతలు చెక్కినట్టుండే బంగారు రంగు యూరోపియన్ ఫ్రేము కూడా ఒకటుంది. పెళ్లి ఫొటోకి ఎంత నిండుదనం తెచ్చిందో! ఆ వంపుల్లో దుమ్ము దులపాలంటే మాత్రం చిన్న పెయింట్ బ్రష్ పట్టుకు కూర్చోవాలి. ఇంటికి అలాంటిది ఒకటి చాలు.

వెనక వైపు కూడా చూసుకోండి. సముద్రగాలికి మామూలు ఇనప కొక్కేలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడిగి వేయించుకోండి. కింది రెండు మూలల్లో రబ్బరు బొడిపెలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. బాల్కనీ ఎండ నేరుగా పడే గోడకు కలర్ ఫొటోలు వద్దు, మామూలు అద్దం ఉన్నా రంగు వెలిసిపోతుంది. పెద్ద ఫ్రేమైతే ఒకే మేకుకు కాకుండా రెండు స్క్రూలకు తగిలించండి, తుడిచిన ప్రతిసారీ పక్కకు ఒరగదు.