గంటర్ గొలుసు అని చెప్పి 20 మీటర్ల గొలుసు అంటగట్టారు, కొనేవాళ్లు జాగ్రత్త

పొలాలు కొలిచే పాత 66 అడుగుల గంటర్ గొలుసు కోసం వెతుకుతున్న వాళ్లు డబ్బు పంపే ముందు ఇది ఒక్కసారి చదవండి. నాకు 4,800 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ గొలుసు పట్టుకెళ్లి రెండు కుటుంబాల మధ్య గొడవ పెట్టినంత పని చేశాను. ఎక్కువ బాధ దానికే.

నేను గుంటూరు వైపు ప్రైవేటుగా పొలాలు కొలుస్తాను. మా దగ్గర చాలా ఊళ్ల పాత ఎఫ్.ఎం.బి.ల్లో, అంటే పొలాల పటాలూ కొలతలూ ఉండే సర్వే పుస్తకాల్లో, కొలతలు లింకుల్లోనే ఉంటాయి. లింకంటే గొలుసులో ఒక్కో ముక్క. 2020 చివర్లో రీసర్వే మొదలైంది, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు, డ్రోన్లు వచ్చాయి. అయినా అన్నదమ్ముల పంపకమో గట్టు తగాదానో వచ్చినప్పుడు, హద్దు రాయి నుంచి రాయికి గొలుసు వేసి కళ్లెదుట చూపిస్తేనే పెద్దవాళ్లకు నమ్మకం. లెక్క కూడా చాలా సులువు. గొలుసుకు 100 లింకులు, ఎకరానికి లక్ష చదరపు లింకులు. పొడవునీ వెడల్పునీ లింకుల్లో గుణించి చివరి మూడు అంకెలు తీసేస్తే సెంట్లు వచ్చేస్తాయి. సర్వేలో గొలుసు లాగే చైన్‌మన్‌గా పనిచేసిన మా నాన్నగారికి ఇది నోటి లెక్క. ఆయన గొలుసు రింగులు విచ్చుకుపోయి పనికిరాకుండా పోయింది. అలాంటిదే ఇంకొకటి కావాలని రెండేళ్లు తిరిగాను. ఏ షాపులో అడిగినా మీటర్ల గొలుసే చూపించారు.

చివరికి ఫోన్‌లో ఒక అమ్మకందారు దొరికాడు. "పాత సర్వే ఆఫీసు సామాను, అసలైన గంటర్ గొలుసు, 100 లింకులు" అన్నాడు. ఫోటోలు పంపాడు. ఇత్తడి పిడులు, పది లింకులకొక ఇత్తడి బిళ్ల. రెండు చివరల నుంచీ వరసగా ఒక పన్ను బిళ్ల, రెండు పళ్లది, మూడు, నాలుగు, సరిగ్గా మధ్యలో గుండ్రటి బిళ్ల. గంటర్ గొలుసుకు ఉండాల్సిన గుర్తులు అవే. నేను నమ్మేశాను. డబ్బంతా ముందే పంపాను.

పార్సిల్ రాగానే లింకులు లెక్కపెట్టాను. సరిగ్గా 100. బిళ్లలు తొమ్మిది. తృప్తిగా నూనె రాసి చుట్టి పెట్టేశాను. టేపు పెట్టి చూడలేదు. నేను చేసిన తప్పు ఇదే.

మొదట పట్టుకెళ్లింది ఒక అన్నదమ్ముల పొలానికి. ఎఫ్.ఎం.బి.లో ఒక వైపు 850 లింకులు, ఇంకో వైపు 620. గుణిస్తే 5 లక్షల 27 వేలు, అంటే 5 ఎకరాల 27 సెంట్లు. నేను గొలుసు వేస్తే రాయి నుంచి రాయికి 855 వచ్చింది. రెండో వైపు 623 దాటింది. విస్తీర్ణం కడితే 5 ఎకరాల 33 సెంట్లు. అది వినగానే పక్క పొలం పెద్దాయన గట్టు మీద నుంచే అందుకున్నాడు. "ఏమయ్యా సర్వేయరూ, రికార్డులో 850 ఉంటే వీళ్ల రాయి దగ్గర 855 వచ్చిందంటే, రాయి మా చేలోకి జరిగినట్టే కదా?" అన్నాడు. ఆయన అడిగిన దాంట్లో తప్పు లేదు. 5 లింకులంటే మూడు అడుగుల పైమాటే. అన్నదమ్ములేమో రాయి ముట్టుకుంటే ఊరుకోమన్నారు. మాట మాట పెరిగింది. నాకు చెమటలు పట్టాయి.

ఒక్కటే అనుమానం నన్ను ఆపింది. రాయి జరిగితే ఒక వైపు కొలత మారాలి గానీ, అన్ని వైపులా ఒకే లెక్కన ఎందుకు పెరుగుతుంది? నూటికి అరలింకు పైన, ప్రతి వైపూ అంతే. మర్నాటి దాకా ఆగమని అందరికీ దండం పెట్టి వచ్చేశాను.

ఊళ్లో బడి వరండాలో గొలుసు పరిచి స్టీలు టేపు పెట్టాను. సరిగ్గా 20 మీటర్లు. 66 అడుగులంటే 20 మీటర్ల 11.7 సెంటీమీటర్లు. అంటే నాలుగున్నర అంగుళాల పైన తక్కువ. గొలుసు పొట్టిది కాబట్టే ప్రతి వైపూ లింకులు ఎక్కువ వచ్చాయి.

ఇక్కడే కిటుకు ఉంది, దయచేసి గమనించండి. మీటర్ల గొలుసుల్లో 20 మీటర్ల దానికి కూడా సరిగ్గా 100 లింకులే. దాని లింకు 20 సెంటీమీటర్లు, గంటర్ లింకు 20.12. తేడా మిల్లీమీటరు పైన కొంచెం. ఎంత అనుభవం ఉన్న కంటికైనా అది తెలియదు, లింకులు లెక్కపెట్టినా తెలియదు. అసలు మీటర్ల గొలుసుకు ప్రతి మీటరు దగ్గరా చిన్న ఇత్తడి రింగు, ప్రతి 5 మీటర్లకు ఒక బిళ్ల ఉంటాయి, పొడవు పిడి మీద చెక్కి ఉంటుంది. ఇతను ఆ రింగులు, బిళ్లలు తీసేసి, పళ్ల బిళ్లలు తగిలించి, పిడి మీద అంకె ఆకురాయితో అరగదీశాడు. ఎండలో వంచి చూస్తే ఆ గీతలు కనిపించాయి. అయిదో లింకు, పదో లింకు దగ్గర పాత రింగు వేలాడిన చోట వైరు మెరుస్తోంది కూడా. ఇది పొరపాటున జరిగింది కాదు, ఎవరో కూర్చుని పనిగట్టుకుని చేసింది.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "పాత గొలుసు కదండీ, వాడి వాడి అరిగి తగ్గి ఉంటుంది" అన్నాడు. గొలుసు పని తెలిసిన వాడు ఆ మాట అనడు. రింగులు అరిగినా, అతుకులు విచ్చుకున్నా గొలుసు సాగుతుంది, పొడవవుతుంది. తగ్గాలంటే లింకులు వంకర పోవాలి, లేదా రింగుల్లో మట్టి బిగుసుకోవాలి. నా గొలుసులో ఒక్క లింకు కూడా వంగి లేదు. ఆ మాటే అన్నాను. ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఒకే ఒక్క మెసేజ్: గొలుసు వెనక్కి పంపితే సగం డబ్బు ఇస్తాడట. నేను పంపలేదు. పంపితే అది ఇంకొకరి పొలంలోకి వెళ్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, ఇంకా నడుస్తోంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంటే నా మాటకు బలం ఉండేది. మీరు తప్పకుండా తీయండి.

మర్నాడు స్టీలు టేపుతో పొలం మళ్లీ కొలిచాను. 850 లింకులంటే 171 మీటర్లు. రాయి సరిగ్గా అక్కడే ఉంది, ఒక్క అడుగు కూడా కదల్లేదు. పెద్దాయనకూ అన్నదమ్ములకూ తప్పు నాదేనని చెప్పి క్షమాపణ అడిగాను. కూలి తీసుకోలేదు.

మీరు కొంటే, ముందు చదునైన సిమెంటు నేల మీద స్టీలు టేపుతో 20 మీటర్ల 11.7 సెంటీమీటర్లకు రెండు గుర్తులు పెట్టుకోండి. గొలుసు పొడవులో పిడులు కూడా కలుస్తాయి, కాబట్టి పిడి బయటి అంచు నుంచి బయటి అంచుకు చూడండి. వదులుగా పరిస్తే కొలత రాదు, లాగి పట్టాలి. మీటర్ల గొలుసులను దాదాపు 8 కేజీల లాగుడు మీద చూస్తారు, చేతి త్రాసు కొక్కేనికి తగిలిస్తే సరిపోతుంది. ఆ లాగుడు మీద 20 మీటర్ల గొలుసుకు 5 మిల్లీమీటర్ల తేడా వరకే ఒప్పుకుంటారు. 11 సెంటీమీటర్లంటే అది వేరే గొలుసన్నమాటే. దూరం నుంచి కొంటుంటే, టేపు పక్కన గొలుసు పరిచి రెండు చివరలూ ఒకే వీడియోలో కనిపించేలా తీసి పంపమనండి. నిజాయితీగా అమ్మేవాడికి అది పది నిమిషాల పని.

తెలంగాణలో టిప్పన్ (పాత పొలం కొలతల పటం) కొలతల కోసం వెతికేవాళ్లకు ఇంకో మాట. మీకు కావలసింది ఈ గొలుసు కాకపోవచ్చు. అక్కడి పాత లెక్క 33 అడుగుల గొలుసు, 16 అణాలది, ఇక్కడ అణా అంటే ఒక లింకు. 33 అడుగులు ఇటూ 33 అడుగులు అటూ అయితే గుంట. దానికి 16 లింకులే. ఇక 100 లింకులున్న గొలుసుల్లో 100 అడుగుల ఇంజనీర్ గొలుసు కూడా ఒకటుంది, దాని లింకు నిండా అడుగు. "వంద లింకులు" అన్న మాట విని ఏదీ కొనకండి, అడుగులు అడగండి.

నన్నడిగితే రిటైరైన సర్వేయర్ల ఇళ్లలో, పాత పాలిటెక్నిక్‌ల సర్వే ల్యాబుల్లో ముందు విచారించండి. అటక మీద తుప్పు పట్టి ఉన్నా ఫరవాలేదు, సాగిన రింగులు సరిచేయించుకోవచ్చు.

నా దగ్గరున్న దాని పిడులకు ఎర్ర రంగు వేసి "20 మీ" అని రాశాను. నిన్న చూస్తే అతను అదే ఫోటో మళ్లీ పెట్టాడు, ఈసారి ధర 5,500. ఫోటో పెద్దది చేసి చూడండి. ఎడమ పిడి మీద అడ్డంగా ఆకురాయి గీతలు, పక్కన నాలుగు పళ్ల బిళ్ల కొత్తగా మెరుస్తూ ఉంటుంది. అది కనిపిస్తే కొనకండి.