బొడిపె కోయించడం సరే, ఎప్పుడు?

మల్టిపుల్ ఎక్సోస్టోసెస్ అంటే ఇఎక్స్‌టి1 లేదా ఇఎక్స్‌టి2 జన్యువులో లోపం వల్ల ఎముకల చివర్ల దగ్గర బొడిపెలు పుట్టుకొచ్చే వంశపారంపర్య జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకీ వచ్చే అవకాశం సగానికి సగం. దీనికి చేసే ఆపరేషన్లు ప్రధానంగా మూడు రకాలు. మూడింటికీ ఒకే మార్కులు వేయలేం.

బొడిపెని కోసి తీసేయడం: మంచి మార్కులే. నొప్పి, నరం మీద ఒత్తిడి, కీలు సరిగ్గా మడవలేకపోవడం ఉంటేనే చేయించాలి. చూడ్డానికి బాగోలేదని ఒక్కొక్కటీ కోయించుకుంటూ పోతే మచ్చలే మిగులుతాయి. బొడిపె మీద టోపీలా ఉండే మృదులాస్థి, దాని పైపొర రెండూ పూర్తిగా రావాలి. కాస్త మిగిలినా మళ్లీ పెరగొచ్చు. చిన్నపిల్లల్లో బొడిపె గ్రోత్ ప్లేట్‌ని (ఎముక పొడుగు పెరిగే మెత్తటి పొరని) ఆనుకుని ఉంటుంది. ఉలి అటు జారిందా, ఆ ఎముక పొట్టిగానో వంకరగానో ఎదుగుతుంది. వయసుతో పాటు బొడిపె ప్లేట్‌కి దూరమవుతుంది కాబట్టి, ఆగగలిగితే ఆగడమే మేలు. మోకాలి కింద బయటివైపు, ఫిబులా (పిక్కలోని సన్నటి ఎముక) పైకొన దగ్గర మాత్రం మరీ జాగ్రత్త. అక్కడ పాదాన్ని పైకి లేపే పెరోనియల్ నరం ఎముకని చుట్టుకుని పోతుంది. ముందు నరాన్ని వెతికి, పక్కకి తప్పించాకే ఉలి పట్టాలి. కండని పక్కకి పట్టి ఉంచే రిట్రాక్టర్‌తో గట్టిగా లాగినా చాలు, పాదం పైకి లేవక వేళ్లు నేలకి ఈడ్చుకుంటాయి.

ఎయిట్ ప్లేట్: ధరకి మించిన పని చేసే సరుకు అంటారే, అలాంటిది. మోకాళ్లు లోపలికి ఒరిగితే లోపలివైపు గ్రోత్ ప్లేట్‌కి అడ్డంగా చిన్న ప్లేటు, రెండు స్క్రూలు వేస్తారు. అటు ఎదుగుదల ఆగి, బయటివైపు సాగి, నెలకి సుమారు ఒక డిగ్రీ చొప్పున కాలు సర్దుకుంటుంది. అయితే ఎదిగే వయసు మిగిలి ఉండాలి. అమ్మాయిల్లో 14, అబ్బాయిల్లో 16 దాటాక వేయించి లాభం లేదు. మూడు నాలుగు నెలలకోసారి ఎక్స్‌రే మానేస్తే, ప్లేటు ఎప్పుడు తీయాలో తెలియక కాలు రెండో వైపుకి వంగొచ్చు.

ముంజేతిలో పొట్టిపడిన అల్నాని (చిటికెన వేలి వైపు ఎముకని) సాగదీయడం: ఓపికకి పరీక్ష. ఎముక కోసి, బయట ఫ్రేము బిగించి, ఐదారు రోజులు ఆగి, రోజుకి 1 మి.మీ. సాగదీస్తారు. ఒకేసారి కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగుసార్లు. పిన్నుల చుట్టూ చీము పట్టడం మామూలే. పసివయసులో చేయిస్తే మళ్లీ పొట్టి పడొచ్చు. చెయ్యి చూడ్డానికి మెరుగైనంతగా పనితనం మెరుగవదు. రేడియల్ తల (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక పైకొన) మోచేతి దగ్గర పక్కకి జారుతోందంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు ఆలోచించాల్సిందే.

ఎదుగుదల ఆగాక కూడా బొడిపె పెరిగినా, కొత్తగా నొప్పి మొదలైనా ఎంఆర్ఐ తీయించాలి. పెద్దవాళ్లలో మృదులాస్థి టోపీ మందం 2 సెం.మీ. దాటితే క్యాన్సర్ అనుమానం ఉన్నట్టే. తీసిన ముక్కని పాథాలజీకి పంపారో లేదో ఆపరేషన్ రోజే అడగండి.