‘రెస్పెక్ట్’ అనే ఒక్క మాటతో నిఘంటువులకు పరీక్ష

భారత రాజ్యాంగం 51-ఎ అధికరణం పౌరుల విధులను చెబుతుంది. జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించాలని చెప్పే చోట అక్కడున్న ఇంగ్లీషు క్రియ ‘రెస్పెక్ట్’. అదే రాజ్యాంగం 246వ అధికరణంలో, ఏడో షెడ్యూలు మొదటి జాబితాలోని అంశాల మీద చట్టాలు చేసే అధికారం పార్లమెంటుదేనని చెప్పే చోట కూడా ఈ మాటే ఉంది. కాకపోతే అక్కడ ‘విత్ రెస్పెక్ట్ టు’ అని వస్తుంది. మొదటిచోట గౌరవం, రెండోచోట గౌరవం ఊసే లేదు. ఇంగ్లీషు నిఘంటువు ఎంత గట్టిదో తేల్చుకోవాలంటే అరుదైన పెద్ద మాటలు వెతకనక్కర్లేదు, ఈ చిన్న మాట చాలు. అరుదైన మాటకు సాధారణంగా ఒకటే అర్థం ఉంటుంది, దాన్ని ఎవరైనా సరిగ్గానే ఇస్తారు. నిఘంటువు పనితనం బయటపడేది అందరికీ వచ్చనుకునే మాట దగ్గరే.

ఈ మాట పట్టుకుని ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ ఉచిత వెబ్‌సైటును, అమెరికన్ నిఘంటువు మెరియం-వెబ్‌స్టర్‌ను, తెలుగు నిఘంటువులను ఒకేచోట వెతికే వెబ్‌సైటు ఆంధ్రభారతి నిఘంటుశోధనను, గూగుల్ ట్రాన్స్‌లేట్‌ను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుగువాళ్లకు ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో స్పష్టంగా తెలుస్తుంది.

ముందు ఆక్స్‌ఫర్డ్ సంగతి. నామవాచకానికి ఒక పేజీ, క్రియకు మరో పేజీ ఉంటాయి. చాలామంది మొదటి పేజీ చూసి ఆపేస్తారు, క్రియ పేజీ తెరవనే తెరవరు. నామవాచకంలో మూడు అర్థాలు ఇచ్చారు. ఒకరి మంచితనమో, సాధించిన విజయాలో చూసి మనసులో కలిగే భావం మొదటిది. ఎదుటివారి పట్ల చూపే మర్యాద, జాగ్రత్త రెండోది. ఈ రెంటినీ విడదీయడం తెలుగువాళ్లకు చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే తెలుగులోనూ ఇవి రెండు వేర్వేరు వాక్యాలు. ‘ఆయనంటే నాకు గౌరవం’ అన్నది భావం. ‘పెద్దలకు గౌరవం ఇవ్వు’ అన్నది ప్రవర్తన. మొదటిదాన్ని ఇంగ్లీషులో ‘హావ్ రెస్పెక్ట్ ఫర్’ అంటారు. రెండోదానికి ‘షో రెస్పెక్ట్’, ‘ట్రీట్ విత్ రెస్పెక్ట్’ వాడతారు. మనవాళ్లు తరచూ రాసే ‘గివ్ రెస్పెక్ట్ టు ఎల్డర్స్’ ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పాలా? ‘కు’ విభక్తి ‘టు’ అయింది, ‘ఇవ్వు’ కాస్తా ‘గివ్’ అయింది. అర్థం తెలిసినా వాక్యం తప్పేది ఇక్కడే. ఆ పేజీలో అర్థం పక్కనే ‘ఫర్’ వస్తుందని ముద్దక్షరాల్లో చూపిస్తారు. అర్థం చదివి వదిలేయకుండా ఆ ముద్దక్షరాలు కూడా చూడాలి. కింద మూసి ఉన్న కొలొకేషన్ల పెట్టె తెరిస్తే ఏ క్రియలతో కలిసి వస్తుందో కనబడుతుంది: ఎర్న్, విన్, కమాండ్. ఇందులో ‘కమాండ్ రెస్పెక్ట్’ అంటే గౌరవించమని ఆజ్ఞాపించడం కాదు. ఆ మనిషిని చూస్తే గౌరవం దానంతటదే కలగడం. ‘నలుగురి మన్నన పొందాడు’ అంటే సరిపోతుంది.

మూడో అర్థం అసలు పరీక్ష. ‘ఇన్ దిస్ రెస్పెక్ట్’, ‘ఇన్ మెనీ రెస్పెక్ట్స్’ అన్నప్పుడు ఈ మాటకు ‘విషయం, అంశం’ అని అర్థం. మొదటి రెండు అర్థాల పక్కన అన్‌కౌంటబుల్ అని, దీని పక్కన కౌంటబుల్ అని గుర్తు పెట్టారు. ఆ చిన్న గుర్తు చాలా పని చేస్తుంది. గౌరవం అన్న అర్థంలో ఈ మాటకు బహువచనం రాదు, విషయం అన్న అర్థంలో వస్తుంది. కాబట్టి చదువుతుండగా చివర ‘ఎస్’ చేరిన రూపం కనిపిస్తే, ‘పే’ అనే క్రియ పక్కన లేకపోతే, అది దాదాపుగా ‘విషయాలు’ అనే అర్థమే. ‘ఈ విషయంలో మనం అదృష్టవంతులం’ అనాల్సిన చోట ‘ఈ గౌరవంలో’ అని రాసిన అనువాదాలు రావడానికి కారణం, అనువాదకుడి చేతిలోని పుస్తకంలో ఈ మూడో అర్థం లేకపోవడమే. బస్టాండ్లలో అమ్మే జేబు నిఘంటువులు ఎక్కువగా ‘గౌరవము, మర్యాద’ దగ్గరే ఆగిపోతాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు వాటి జోలికి పోకపోవడం మంచిది.

జాతీయాల భాగం ఇంకా విలువైనది. ‘విత్ రెస్పెక్ట్ టు’ అంటే ‘సంబంధించి, గురించి’. ‘ఇన్ రెస్పెక్ట్ ఆఫ్’ కూడా దాదాపు అదే గానీ, వ్యాపార పత్రాల్లో ‘ఫలానా దానికి చెల్లింపుగా’ అనే అర్థం కూడా వస్తుంది. అదనపు గంటల పనికిగాను వచ్చిన డబ్బు అని చెప్పేటప్పుడు వాడినట్టుగా. మన సర్కారు ఉత్తర్వుల్లో ఈ రెండో పదబంధం విరివిగా వస్తుంది. ‘ఫలానా కేడరు ఉద్యోగుల విషయంలో’ అని అర్థం చేసుకోవాలి, ‘ఉద్యోగుల గౌరవార్థం’ అని కాదు. తెలుగు మాధ్యమంలో ఇంటర్ గణితం చదివినవాళ్లకు మొదటి పదబంధం కొత్తది కాదు, ‘ఎక్స్ దృష్ట్యా అవకలనం’ అన్నది అదే. ఇక్కడ ‘దృష్ట్యా’ ఎంత చక్కగా కుదిరిందో గమనించాలి. ‘రెస్పెక్ట్’కు మూలమైన లాటిన్ క్రియకు ‘వెనుదిరిగి చూడటం’ అని అర్థం. ఒకదానివైపు చూస్తూ మాట్లాడితే ‘దాని విషయంలో’ అయింది, ఒకరిని ప్రత్యేకంగా చూస్తే ‘గౌరవం’ అయింది. రెండు అర్థాలకూ వేరు ఒకటేనని తెలిస్తే బట్టీ పట్టే పని ఉండదు.

‘విత్ డ్యూ రెస్పెక్ట్’ గురించి ఆక్స్‌ఫర్డ్ ఇచ్చిన వివరణ కూడా మెచ్చుకోదగ్గది. ఎదుటివారితో, అదీ గట్టిగా, విభేదించబోయే ముందు అనే మాట అని తేటగా చెబుతుంది. దీన్ని ‘తగిన గౌరవంతో’ అని మక్కీకి మక్కీ దించితే తెలుగులో ఆ హెచ్చరిక పోతుంది. ‘మరోలా అనుకోకండి గానీ’, ‘మీరంటే గౌరవం ఉంది గానీ’ అంటే ఆ ‘గానీ’తో తర్వాత వచ్చేది కాదనడమేనని వినేవారికి అర్థమవుతుంది. పై అధికారికి రాసే అభ్యర్థన ఈ మాటతో మొదలుపెడితే వినయంగా ఉంటుందనుకునేవాళ్లు ఉన్నారు. అది పొరపాటు, ఇంగ్లీషువాళ్లు దాన్ని ఎదురు చెప్పడంగానే తీసుకుంటారు. ఇక ‘పే రెస్పెక్ట్స్’. బతికున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్తే మన పత్రికల భాషలో ‘మర్యాదపూర్వకంగా కలిశారు’. చనిపోయినవారి దగ్గర, మధ్యలో ‘లాస్ట్’ చేరినప్పుడు, ‘కడసారి నివాళులర్పించారు’. సందర్భం చూడకుండా ఒకదాని బదులు ఇంకోటి వేస్తే ఎంత అపచారమో చెప్పనక్కర్లేదు.

క్రియ పేజీలో ఉపయోగపడే విడదీత మరోటి ఉంది. మనిషిని గౌరవించడం, ఒకరి ఇష్టానికో ఆస్తికో భంగం కలగకుండా చూడటం, చట్టాన్నో నియమాన్నో మీరకుండా ఉండటం వేర్వేరుగా ఇచ్చారు. తెలుగులో వీటికి వేర్వేరు క్రియలున్నాయి. మనిషిని గౌరవిస్తాం, కోరికను మన్నిస్తాం, నియమాన్ని పాటిస్తాం. ‘కోర్టు తీర్పును గౌరవిస్తున్నాం’ అన్నది వాడుకలో స్థిరపడిపోయింది, దానికి అభ్యంతరం లేదు. కానీ ‘మా ప్రైవసీని గౌరవించండి’ అనేది ఇంకా తెలుగు కాలేదు. ‘మా సొంత విషయాల్లోకి రావద్దని మనవి’ అంటే వినేవారికి తగులుతుంది. ఈ క్రియకు ఇంగ్లీషులో విభక్తి అక్కర్లేదు, ‘టు’ గానీ ‘ఫర్’ గానీ చేర్చకూడదు. నామవాచకానికి ‘ఫర్’, క్రియకు ఏమీ లేదు.

ఉచ్చారణకు బ్రిటిష్, అమెరికన్ గొంతులు రెండూ వినొచ్చు. మనం ‘రె’ను నొక్కి పలుకుతాం. అక్కడ మొదటి భాగం పొట్టిగా ‘రి’ అని పలికి, ‘స్పెక్ట్’ మీద బలం వేస్తారు. ఫోన్లో అవతలివాళ్లకు మాట అందకపోవడానికి చాలాసార్లు కారణం ఈ ఒత్తు తేడాయే.

ఆక్స్‌ఫర్డ్ లోటు ఏమిటంటే, అంతా ఇంగ్లీషులోనే ఉండటం. అర్థం అర్థమవుతుంది, కానీ దానికి తెలుగు మాట ఏదో అది చెప్పదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఒంటరిగా ఇది చాలదు. ఉచిత సైటులో ప్రకటనలు అడ్డొస్తాయి. అచ్చు పుస్తకం కావాలనుకుంటే 2020లో వచ్చిన పదో ముద్రణ అడగాలి.

మెరియం-వెబ్‌స్టర్ దారి వేరు. అర్థాలను వాడుక ఎక్కువ తక్కువలను బట్టి కాక, చారిత్రక క్రమంలో పెట్టడం దాని సంప్రదాయం. అందుకే అక్కడ ‘సంబంధం’ అనే అర్థం ముందుకొస్తుంది, మనకు తెలిసిన గౌరవం తర్వాత వస్తుంది. మొదటి అంకె పక్కనున్నదే ముఖ్యమైన అర్థం అనుకునే అలవాటున్నవాళ్లు దీంతో తికమకపడతారు. మాట చరిత్ర కావాలనుకునేవారికి మాత్రం మంచిది. కొత్తగా నేర్చుకునేవారికి సిఫారసు చేయలేం.

తెలుగు మాట వెతుక్కోవడానికి ఆంధ్రభారతిని మించింది లేదు. ఒక్క శోధనతో అనేక నిఘంటువుల ఫలితాలు, ఏది ఏ పుస్తకంలోదో పేరుతో సహా వస్తాయి. శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు వంటి పాతవాటిలో ‘గౌరవము’ ఒక్కదానితో ఆగకుండా పర్యాయాలు వరసగా ఇస్తారు, ఎంచుకునే వీలుంటుంది. ఇబ్బందీ అక్కడే: ఏది ఎక్కడ వాడాలో చెప్పరు. గౌరవం, మర్యాద, మన్నన, ఆదరం నాలుగూ ఒకే వరుసలో కనిపిస్తే కొత్తవాళ్లకు నాలుగూ ఒకటే అనిపిస్తాయి. ఇంటికొచ్చిన అల్లుడికి చేసేది మర్యాద, గురువంటే ఉండేది గౌరవం, కష్టంలో ఉన్నవారి పట్ల చూపేది ఆదరం. తారుమారు చేయలేం. ఆ తేడా తేల్చుకోవడానికి తెలుగు మాట నుంచి ఇంగ్లీషుకు వెనక్కి తిరిగి వెతకడమే మార్గం. షికాగో విశ్వవిద్యాలయం డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1903 ముద్రణ, 1991 నాటి గ్విన్ నిఘంటువు రెండూ ఉచితంగా ఉన్నాయి. ఎంచుకున్న తెలుగు మాటను ముందు గ్విన్‌లో చూడండి, అది నేటి వాడుకకు దగ్గర. మీ వాక్యంలోని ఇంగ్లీషు అర్థం అక్కడ తిరిగి వస్తే ఆ మాట నిలుస్తుంది. బ్రౌన్ పాత కావ్యాల భాషకు, పాత పల్లె మాటలకు పనికొస్తుంది. రోజువారీ అనువాదానికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఈ మాట బంధుగణంలో మనవాళ్లు ఎక్కువగా జారేది ‘రెస్పెక్టబుల్’ దగ్గర. గౌరవం చూపేవాడు ‘రెస్పెక్ట్‌ఫుల్’. సమాజంలో పరువు గలవాడు ‘రెస్పెక్టబుల్’. ఉత్తరం మొదట్లో ‘రెస్పెక్టబుల్ సర్’ అని రాయడం తప్పు. ‘రెస్పెక్టెడ్ సర్’ మన దేశంలో చెల్లుతుంది, ‘గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి’ అన్న తెలుగు ఒరవడికి అది దగ్గరగా ఉంటుంది కూడా. బ్రిటన్‌కో అమెరికాకో రాసేటప్పుడు మాత్రం ‘డియర్ సర్’ అనాలి. ‘రెస్పెక్టబుల్ స్కోర్’ అంటే చెప్పుకోదగ్గ స్కోరు, క్రీడా పేజీల్లో ‘గౌరవప్రదమైన స్కోరు’ అని రాసేది అదే. ‘రెస్పెక్టివ్‌లీ’కి గౌరవంతో సంబంధం లేదు. రాజమహేంద్రవరం, విజయవాడ వరుసగా గోదావరి, కృష్ణా తీరాల్లో ఉన్నాయని చెప్పేటప్పుడు ఆ ‘వరుసగా’ ఇదే. దీనికి ‘క్రమంగా’ అని వేస్తే మెల్లమెల్లగా అనే అర్థం వచ్చి వాక్యం చెడుతుంది.

‘సెల్ఫ్-రెస్పెక్ట్’కు తెలుగులో రెండు మాటలున్నాయి, నిఘంటువులు రెంటినీ కలిపేస్తాయి. 1925లో పెరియార్ మొదలుపెట్టిన ఉద్యమానికి గానీ, 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పటి నినాదానికి గానీ సరిపోయేది ‘ఆత్మగౌరవం’. ఆకలితో ఉన్నా ఒకరి ముందు చేయి చాచని మనిషికి ఉన్నది ‘ఆత్మాభిమానం’. సమూహానిది మొదటిది, మనిషిది రెండోది. ఈ హద్దు అక్కడక్కడా చెరిగినా, రాసేటప్పుడు పాటిస్తే వాక్యానికి బలం వస్తుంది.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి తెలుగు 2011లో వచ్చింది. ఇప్పుడు దానితో పని జరగాలంటే ఒంటరి మాట ఇవ్వకూడదు. ఒంటరి మాటకు గౌరవం తప్ప ఇంకేం చెప్పాలో దానికి తెలిసే దారి లేదు. పూర్తి వాక్యం ఇవ్వాలి, వీలైతే ముందు వెనకల వాక్యాలు కూడా. అలా ఇచ్చినా ఒకటి మాత్రం చేత్తో సరిచూసుకోవాలి. ఇంగ్లీషు ‘యు’లో గౌరవం ఉందో లేదో తెలియదు, తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’, ‘తమరు’ అంటూ మొదట్లోనే తేల్చాలి. ‘హీ’ని వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్ల మీద నిలబెట్టాలి. సర్వనామం మారితే క్రియ కూడా మారాలి. పేజీ పొడవునా ఒకే మనిషి ఒకచోట ‘వచ్చాడు’, మరోచోట ‘వచ్చారు’ అయితే చదివేవారికి ఇద్దరు మనుషులనిపిస్తుంది. యంత్రం ఇచ్చిన అనువాదం దిద్దేటప్పుడు ముందుగా మనుషుల పేర్లు వరసగా రాసుకుని, ఎవరికి ఏ సర్వనామమో, ఎవరికి ‘గారు’ చేర్చాలో నిర్ణయించుకుని, ఆ తర్వాత క్రియాంతాలు ఒక్కొక్కటిగా సరిచేయండి.