పక్క అద్దాలకు సిరామిక్ ఫిల్మ్: ఒక వేసవి వాడిన తర్వాత

గుంటూరు నుంచి విజయవాడకు దారి ఈశాన్యంగా సాగుతుంది కనుక, రోజూ కారులో వెళ్లి వచ్చే నాకు పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా డ్రైవరు వైపు నుంచే తగులుతాయి. ఏసీ ఎంత పెంచినా కుడి చెయ్యి చురుక్కుమంటూనే ఉండడంతో, మొన్న ఫిబ్రవరిలో నాలుగు పక్క అద్దాలకు లేత సిరామిక్ ఫిల్మ్, అంటే ఎండ వేడిని తగ్గించేందుకు అద్దానికి అంటించే పలుచని పారదర్శక పొర, వేయించాను.

నిర్ణయానికి రావడానికి రెండు నెలలు పట్టింది, అందుకు కారణం చట్టమే. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాలు వెలుగులో కనీసం 70 శాతాన్ని, పక్క అద్దాలు 50 శాతాన్ని లోపలికి రానివ్వాలి. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఎంత లేతదైనా సరే ఫిల్మ్ అంటించడాన్నే నిషేధించింది. తర్వాత ఆ నిబంధనను సవరించారు. 2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఆ సవరణను బట్టి, నిర్ణీత శాతాలకు లోబడి ఫిల్మ్ వేసుకోవచ్చని కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో చెప్పింది. అయితే ఆ తీర్పు మన రెండు రాష్ట్రాల పోలీసులను నేరుగా కట్టడి చేయదు కనుక, వేయించుకునేవారు కూడలిలో బండి ఆపి సమాధానం చెప్పుకోవలసి రావచ్చన్న ఎరుకతోనే వేయించుకోవాలి.

మొదట వెళ్లిన దుకాణంలో "50 శాతం ఫిల్మ్ (వెలుగులో సగాన్ని రానిచ్చేది) వేయించుకోండి సార్, చట్టప్రకారం సరిపోతుంది" అన్నారు. అది తప్పు. కంపెనీ నుంచి వచ్చిన అద్దమే కొంత వెలుగును ఆపుతుంది, ఫిల్మ్ ఆ మిగిలినదానిలోంచి మళ్లీ కోత పెడుతుంది. మా కారు పక్క అద్దం, ఎంత వెలుగు లోపలికి వస్తుందో కొలిచే మీటరులో 76 శాతం చూపింది. దానిపై 50 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 38, అంటే నిబంధనకు చాలా దిగువన. 70 శాతం ఫిల్మ్ వేస్తే 53 వస్తుంది. ఈ లెక్కను తానే ముందుగా చెప్పి, వేసిన తర్వాత మీటరు పెట్టి చూపించిన రెండో దుకాణంలోనే పని చేయించాను. అద్దాన్ని కొలవకుండా ఫిల్మ్ శాతం మాత్రమే చెప్పే చోట డబ్బు పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను.

దుకాణాల్లో వేడి దీపం ముందు ఫిల్మ్‌ను అడ్డుపెట్టి, దాని వెనుక చెయ్యి పెట్టించి చేసే ప్రదర్శనను కూడా అంతగా నమ్మనవసరం లేదు. ఆ దీపం ఇచ్చేది ఎక్కువగా పరారుణ కిరణాలే, కానీ ఎండలోని శక్తిలో వాటి వాటా సుమారు సగమే. అందువల్ల మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందో తెలిపే అంకెను, అంటే టీఎస్ఈఆర్‌ను, అడిగి తెలుసుకోవాలి. లేత ఫిల్మ్‌లో అది దీపం ముందు కనిపించినంత గొప్పగా ఉండదు.

వాడకంలో తేలినది ఇది: కదులుతున్న కారులో చేతిపై చురుకు స్పష్టంగా తగ్గింది, మే నెలలో ఏసీ ఫ్యాను నాలుగుకు బదులు మూడులో సరిపోయింది. ఎండలో నిలిపిన కారు మాత్రం మునుపటిలాగే కాలుతుంది, ఎందుకంటే ముందు అద్దం గుండా వచ్చే వేడి స్టీరింగునూ సీట్లనూ మండిస్తుంది. దానికి అట్టతెరే మందు. వాన రాత్రి పక్క అద్దం గుండా సైడు మిర్రర్‌లో లైటు లేని ద్విచక్ర వాహనాలను గుర్తించడంలో నాకు తేడా కనిపించలేదు; ఇంకొంచెం ముదురుదైతే ఈ మాట చెప్పగలిగేవాడిని కాదు. వేసిన మొదటి వారం ఫిల్మ్ కింద చిన్న నీటి బుడగలు కనిపించి కంగారు పెట్టాయి, కానీ అద్దాలు దించకుండా నాలుగు రోజులు ఉంచాక ఆరిపోయాయి.

ముందు అద్దానికి వేయమని దుకాణదారు అడిగినా నేను ఒప్పుకోలేదు. రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే ఆ అద్దం అతినీలలోహిత కిరణాలను ఇప్పటికే దాదాపు పూర్తిగా ఆపుతుంది, పైగా 70 శాతం పరిమితిని దాటకుండా ఫిల్మ్ వేయడానికి అక్కడ మిగులే ఉండదు. లోహపు పూత ఉన్న చవక రకాలైతే ఫాస్టాగ్ సంకేతానికీ అడ్డు తగలవచ్చు. వెనుక అద్దాన్నీ అదే 70 శాతం నియమం వల్ల వదిలేశాను. ఎప్పుడైనా ఫిల్మ్ పీకవలసి వస్తే డీఫాగర్ తీగలు (అద్దంపై పట్టే ఆవిరిని ఆర్పే సన్నని వేడి తీగలు) ఊడివచ్చే ప్రమాదం కూడా అక్కడ ఉంది.