పండుగ సెలవుల వంట, చేతిపనులు: ఒక్కరే చేయాలా, పంచుకోవాలా, కలిసి చేయాలా? ఏది మేలు?

ఇంటినిండా చుట్టాలు రాబోతున్నారని తెలిసిన రోజే వంటకాల జాబితా మొదలవుతుంది. దానికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ వంటంతా ఎవరి చేతుల మీదుగా సాగబోతోంది? ఈ ప్రశ్న ఎవరూ అడగని ఇంట్లో జవాబు దానంతటదే తేలిపోతుంది. ఒకే ఒక్క మనిషి సెలవులన్నీ పొయ్యి దగ్గర గడుపుతుంది. అందరూ తిని, కబుర్లు చెప్పుకుని, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాక చూస్తే ఏ ఫొటోలోనూ ఆమె ఉండదు. ఇది నాకు మనసుకు పట్టే విషయం. అందుకే ఈ పోలికలో రుచినీ సౌకర్యాన్నీ చూసినట్టే, శ్రమ ఎవరి మీద పడుతోందో కూడా చూస్తున్నాను.

దారులు మూడు. ఒకరే మొత్తం వండటం. వచ్చేవారు తలా ఒక వంటకం తేవడం. అందరూ చేరాక కలిసి వండటం. ఇంట్లో చేసే కానుకలకూ అలంకరణలకూ కూడా దాదాపు ఇవే దారులు: ఒకరు వారాల తరబడి కూర్చుని చేసి అందరికీ పంచవచ్చు, లేదా అందరూ ఒక బల్ల చుట్టూ చేరి చేయవచ్చు. వంటనూ చేతిపనినీ వేర్వేరుగా నిర్ణయించుకుంటే చివరి రోజుల్లో చిక్కు వస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే పొయ్యినీ, ఒకే బల్లనూ, అవే చేతులనూ అడుగుతాయి.

ఒక్కరి చేతి వంట

దీనికున్న మేలును తక్కువ చేయకూడదు. దేని తర్వాత ఏది పొయ్యి ఎక్కాలో అంతా ఒకరి ఆలోచనలో ఉంటుంది. రుచుల మధ్య పొంతన కుదురుతుంది. తినేవారిలో ఎవరికైనా వేరుశనగలో, పాలో, గుడ్లో, గోధుమలో పడకపోతే, ఏ గిన్నెలో ఏముందో కచ్చితంగా చెప్పగల మనిషి ఒకరుంటారు. తీవ్రమైన అలర్జీ ఉన్నవారు పంక్తిలో ఉంటే, మిగతా వాదనలన్నీ పక్కన పెట్టి నేను ఈ పద్ధతికే మొగ్గుతాను.

ఇంట్లోవారికి తోడు మరో నలుగురైదుగురు వచ్చినప్పుడు ఇది చక్కగా నడుస్తుంది. ఇరవై మంది అయ్యేసరికి కథ మారుతుంది. నాలుగు రెట్లు సరుకు వేశామని మంట నాలుగు రెట్లు పెరగదు. గిన్నె పెద్దదైన కొద్దీ లోపలి పదార్థం పెరిగినంతగా పైన ఆవిరి పోయే వెడల్పు పెరగదు. అందుకే రోజూ చిక్కగా వచ్చే పులుసు పెద్ద గిన్నెలో పలచగా మిగిలిపోతుంది, మరగడానికి అనుకున్న దానికన్నా చాలా సమయం తీసుకుంటుంది. కొలతలు పెంచేటప్పుడు నీళ్లను అదే నిష్పత్తిలో పెంచకుండా కాస్త తగ్గించి మొదలుపెట్టాలి.

అంతకన్నా ముఖ్యమైనది చల్లారే వేళ. పెద్ద గిన్నెలో వంటకం పైన చల్లబడినా నడిమధ్యన గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు మరిగించినా చావకుండా ఉండిపోయి, ఆ గోరువెచ్చదనంలో మళ్లీ పెరుగుతాయి. మాంసం, పులుసు వంటివి పెద్ద మొత్తంలో వండిన విందుల తర్వాత కడుపునొప్పులకు తరచుగా ఇదే కారణం. అన్నంతో మరో ముప్పు ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా, బయట వదిలేసిన అన్నంలో విడిచే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు. రెండిటికీ విరుగుడు ఒకటే: వండినదాన్ని వెడల్పాటి పళ్లేలలోకి, 5 సెంటీమీటర్ల లోతు మించకుండా సర్ది, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. దీనికి ఎన్ని పళ్లేలు కావాలో, ఫ్రిజ్‌లో ఎన్ని అరలు ఖాళీ చేయాలో లెక్క వేస్తే, ఒక్క వంటగది ఎంతమందికి వండగలదో తెలిసిపోతుంది. నిజమైన హద్దు వండే మనిషి ఓపికలో ఒక్కచోటే లేదు, ఫ్రిజ్ అరల్లో కూడా ఉంది.

తలా ఒక వంటకం

శ్రమ పంచుకోవడానికి అందరికీ వెంటనే తట్టే ఉపాయం ఇది. పని, ఖర్చు రెండూ విడిపోతాయి. వచ్చేవారికి తినడానికి మాత్రమే వచ్చామన్న మొహమాటం ఉండదు.

దీని లోపమంతా దారిలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షితమైన ఆహారానికి ఐదు సూత్రాలు ప్రకటించింది. అందులో ఒకటి ఉష్ణోగ్రతల గురించి: వండిన ఆహారాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచకూడదు, వేడిగా ఉంచితే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీలకు లోపల ఉంచాలి. గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన వేడి కూర, అందరూ కూర్చునే దాకా మరో గంట బల్లమీద ఉంటే ఆ గడువు దాటిపోయినట్టే. పైగా ప్రతివారూ రాగానే "కాస్త వేడిచేయాలి" అంటారు. అయిదుగురి గిన్నెలు ఒకే పొయ్యి ముందు వరుస కడతాయి. పంచుకున్నామనుకున్న పని చివరి అరగంటలో తిరిగి ఇంటావిడ నెత్తినే పడుతుంది.

అందుకని ఎవరికి ఏం అప్పగించాలన్నది దూరాన్ని బట్టి తేల్చాలి. దూరం నుంచి వచ్చేవారికి బ్రెడ్డు, పండ్లు, పొడి తినుబండారాలు, క్రీము లేని కేకులు ఇవ్వాలి. ఇవి గది వేడిలోనే బాగుంటాయి, ఆలస్యమైనా చెడవు. నాలుగడుగుల దూరంలో ఉన్నవారు వేడి వంటకం తేవచ్చు. "మీకు నచ్చింది తెండి" అనడం మర్యాదగా వినిపిస్తుంది కానీ, నాలుగు తీపి వంటకాలు, కూరగాయ ఒక్కటీ లేని విందుకు దారి తీసేది ఆ మాటే. ఫలానాది, ఇంతమందికి సరిపడా, ఇన్ని గంటలకల్లా అని చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు. తెచ్చిన ప్రతి గిన్నె మీదా అందులో ఏమున్నాయో రాసిన చీటీ అంటించమని కూడా అడగాలి. పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పు బాదం వంటి గింజలు, గోధుమ, సోయా, నువ్వులు: అలర్జీలు ఎక్కువగా కనిపించేవి ఈ తొమ్మిదింటితోనే.

ముందే వండి పెట్టడమా, అప్పటికప్పుడా

వండేది ఎవరైనా ఈ ప్రశ్న తప్పదు. దీనికి జవాబు వంటకాన్ని బట్టి ఉంటుంది. నెమ్మదిగా ఉడికే పులుసులు, సూపులు, మాంసం కూరలు మర్నాటికి మసాలా బాగా పట్టి మరింత రుచిగా ఉంటాయి. వాటిని ముందురోజే వండాలి. కరకరలాడేవి, ఆకుకూరల సలాడ్లు, వేపుళ్లు ఎంత కష్టమైనా అప్పటికప్పుడే. ఫ్రీజర్‌లో పెట్టదలిస్తే సూపు, పిండి ముద్ద, బ్రెడ్డు చక్కగా నిలుస్తాయి. ఉడికిన బంగాళాదుంప గరగరలాడుతుంది, క్రీము కలిపిన గ్రేవీ విరుగుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర సూక్ష్మజీవులు నిద్రపోతాయే తప్ప చావవు, కాబట్టి బయటికి తీశాక మళ్లీ అంతే జాగ్రత్త కావాలి. గడ్డకట్టిన పెద్ద మాంసం ముక్కను ఫ్రిజ్‌లోనే కరగనివ్వాలి. సుమారు 2 కిలోలకు ఒక రోజు పడుతుంది. 6 కిలోలదైతే విందుకు మూడు రోజుల ముందే ఫ్రీజర్ నుంచి దిగాలి.

అందరూ కలిసి

చాలా ఇళ్లలో దీన్ని ఎవరూ గంభీరంగా తీసుకోరు. వంటగదిలో గుంపు, అడ్డం వచ్చే పిల్లలు, ఆలస్యమయ్యే భోజనం. ఆ భయం నిజమే, భోజనమంతా ఇలా వండాలనుకుంటే అర్ధరాత్రికి గానీ తినలేరు. ఒక్క వంటకానికి మాత్రం ఇంతకన్నా మంచి పద్ధతి నాకు కనిపించదు.

కారణం చెబుతాను. మైకేల్ నార్టన్, డానియెల్ మోచన్, డాన్ ఏరియలీ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిచేత కాగితం మడిచి కొంగలూ కప్పలూ చేయించారు. ఆ బొమ్మలు చేసినవారు వాటికి దాదాపు నిపుణుల బొమ్మలకు ఇచ్చేంత విలువ కట్టారు. బయటివారి కంటికి అవే బొమ్మలు పెద్దగా విలువలేనివి. కొన్నవారే ఇంటికి తెచ్చి బిగించుకునే సామాను అమ్మే ఐకియా కంపెనీ పేరుమీద, దీనికి వారు ఐకియా ప్రభావం అని పేరు పెట్టారు. ఆ పరిశోధనలోనే మరో సంగతి కూడా తేలింది: పని పూర్తికాకపోతే, లేదా చేసినదాన్ని విప్పేస్తే, ఆ మమకారం నిలవలేదు.

వంటింట్లో దీని అర్థం చాలా స్పష్టం. పిల్లలు తమ చేతులతో అద్దిన పిండి ముక్క వంకరగా ఉన్నా వారికి అదే విందులో ముఖ్యమైన పదార్థం. అయితే ఆ పని వారి చేతుల్లో పూర్తి కావాలి. సగంలో "ఇక చాల్లే, నేను చేస్తా" అని లాక్కుంటే అంతా పోయినట్టే. కాబట్టి కలిసి చేయడానికి ఎంచుకునే వంటకం చిన్న చిన్న ముక్కలుగా ఉండాలి: లోపల కూరి మూసేవి, ఒత్తేవి, చుట్టేవి, పైన అలంకరించేవి. పిండి, కూరటానికి కావలసినవి ముందురోజే సిద్ధం చేసి, కత్తీ మంటా పెద్దవారికి వదిలి, మిగతాదంతా బల్లమీద పెట్టాలి. గంటలో అయిపోవాలి.

చేతిపనుల సంగతి

ఇంట్లో చేసిన కానుకల్లో కూడా ఆ ప్రయోగం చెప్పినదే పనికొస్తుంది. ఒక్కరే కూర్చుని పదిమందికి చేస్తే ఆ మమకారమంతా చేసినవారి దగ్గరే ఎక్కువగా మిగులుతుంది. అలాగని అందుకునేవారికి ఏమీ అందదని కాదు. చేత్తో చేసిన వస్తువులో ప్రేమ నిండి ఉన్నట్టు మనుషులు భావిస్తారని 2015లో జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఒక అల్లిన మఫ్లరు, ఒకరి కోసం, వారి మెడకు నప్పే రంగులో అల్లితే దానికి సాటి లేదు. అదే మఫ్లరు పదిమందికి అల్లాలని పూనుకుంటే నాలుగోదానికే విసుగు దారాల్లో కనిపిస్తుంది. ఒకరిద్దరికి మాత్రం చేతి కానుక ఇచ్చి, మిగిలినవారితో కలిసి ఏదైనా చేయడం మేలని నా నమ్మకం. ఉన్నితో అల్లితే, వేడినీళ్లలో ఉతికితే కుంచించుకుపోతుందని చీటీ రాసి ఇవ్వండి.

ఒంటరిగా చేయక తప్పనివి కొన్ని ఉన్నాయి. సబ్బు తయారీలో వాడే కాస్టిక్ సోడా చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. పిల్లలు తిరిగే గదిలో ఆ పని వద్దే వద్దు. పైగా ఆ సబ్బు ఆరి గట్టిపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, సెలవులకు రెండు వారాల ముందు గుర్తొస్తే ప్రయోజనం లేదు. కొవ్వొత్తుల మైనాన్ని నేరుగా మంటమీద పెట్టకుండా, నీళ్ల గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించాలి. మైనం అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూత వేసి మంట ఆర్పాలి.

తినే కానుకల్లో అందంగా కనిపించే ఒకదాని గురించి గట్టిగా చెప్పాలి. పచ్చి వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేసి సీసాలో బిగించి గది వేడిలో ఉంచితే, గాలి తగలని ఆ చోట బొట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే బ్యాక్టీరియా పెరగవచ్చు. రంగు, వాసన మారకుండానే ప్రాణం మీదికి తెస్తుంది. అది కానుకగా ఇవ్వదగినది కాదు. తేనె కలిపినదేదైనా ఇస్తే, ఏడాది నిండని పసిపిల్లలకు పెట్టవద్దని తప్పక రాయాలి. ఆ జాగ్రత్తకు కారణం కూడా అదే వ్యాధి. పంచదార, పులుపు బాగా ఉన్న పండ్ల జాములు వీటికన్నా ఎంతో భద్రమైనవి.

కలిసి చేసేవాటిలో ఉప్పు పిండి బొమ్మలకు నా ఓటు. రెండు కప్పుల గోధుమపిండి లేదా మైదా, ఒక కప్పు ఉప్పు, సుమారు ఒక కప్పు నీళ్లు కలిపి ముద్ద చేసి, పలచగా ఒత్తి, ఆకారాలు కోసి, 100 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెడితే చాలు. ముసలివారి నుంచి పసివారి దాకా అందరి చేతులూ పడతాయి, ఒక్క మధ్యాహ్నంలో పూర్తవుతుంది, రంగులు మర్నాడు వేసుకోవచ్చు. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం అందనంత ఎత్తున పెట్టాలి. అంత ఉప్పు తింటే దాని ప్రాణానికే ముప్పు.

మరి నేనైతే

ఇరవై మంది వచ్చే ఇంటికి నేను సూచించే ఏర్పాటు ఇది. రెండు మూడు వేడి వంటకాలు ఇంటివారివి, వాటిలో ఒకటైనా ముందురోజు వండినది. బయటినుంచి వచ్చేవన్నీ గది వేడిలో నిలిచేవి. ఒక్కటంటే ఒక్క వంటకం అందరి చేతులతో. ఇలా చేస్తే చివరి గంటలో పొయ్యి మీద పోటీ ఉండదు. చుట్టాలు రోజుల తరబడి ఉంటే, పెద్ద విందు ఒక్కటి ఇలా జరిపి, మిగతా పూటలు జంటలకు పంచాలి: ఈ ఉదయం వీరిది, రేపటి రాత్రి వారిది. ఆ పూట ఏం వండినా అడ్డు చెప్పకూడదు, వంటగది మొత్తం వారిదే.

చేతిపనిని విందు రోజున పెట్టవద్దు. బల్లమీది జిగురు, రంగులు తీసి తుడిచేసరికి వడ్డన ఆలస్యమవుతుంది, ఓవెన్ కూడా రెండు పనులకూ చాలదు. అందరూ చేరిన మొదటి రోజో, విందు మర్నాడో అయితే బాగుంటుంది. మర్నాటికే నా మొగ్గు, ఎందుకంటే ఆ రోజు మిగిలిన పదార్థాలే భోజనం, ఎవరూ పొయ్యి దగ్గర ఉండనవసరం లేదు.

అంట్ల సంగతి కూడా వంట పంచుకున్న రోజే తేల్చండి. వండినవారు కడగకూడదు, అంతే. మిగిలినవి ఇంటికి పట్టుకెళ్లేవారికి డబ్బాలు ముందే తెచ్చుకోమని చెప్పండి. డబ్బామీద వండిన తేదీ రాయండి. ఫ్రిజ్‌లో పెట్టినా 3, 4 రోజుల్లో తినేయాలి, తినేముందు నడిమధ్య దాకా పొగలు కక్కేలా వేడిచేయాలి.