పొడి చొక్కా మైపాడులో ఉంది

జనవరిలో చెన్నై మారథాన్‌కి వెళ్లాలంటే దూరపు పరుగులన్నీ నవంబరు, డిసెంబరుల్లోనే పడతాయి. మన ఒంగోలు, నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు దంచేదీ అప్పుడే. ప్లాను రాసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుకు రాదు.

మాది ఒంగోలు. 42.195 కిలోమీటర్ల రేసుకి ముందు ఒక్కసారైనా 30 పరుగెత్తాలని నా పట్టుదల. మొదట మా ఊరి గ్రౌండులో ప్రయత్నించాను. 400 మీటర్ల చొప్పున 75 రౌండ్లు. ప్రతి రౌండుకీ గేటు పక్కన నా బండి కనబడుతుంది, దాని డిక్కీలో తువ్వాలు ఉందని గుర్తుకొస్తుంది. వాన జోరందుకున్నాక 31వ రౌండులో బండెక్కేశాను. తర్వాతి వారం కొత్తపట్నం రోడ్డు మీద వెళ్లి రావాలనుకున్నాను. వెళ్లేటప్పుడు సముద్రం నుంచి ఎదురుగాలి, చినుకులు మొహానికి ఆవగింజల్లా తగులుతున్నాయి. 9 కిలోమీటర్లకే వెనక్కి తిరిగాను. తిరిగాక గాలి వెనకనుంచి తోస్తుంటే ఎంత సుఖమో! ఆ సుఖంలో 18కే ఇల్లు వచ్చేసింది.

రెండుసార్లూ కాళ్లలో శక్తి ఉంది. ఇల్లు దగ్గరగా ఉండటమే నన్ను ముంచింది. అందుకే మూడోసారి నెల్లూరులో మొదలుపెట్టి మైపాడు బీచ్‌లో ముగించాలనీ, పొడి బట్టలూ ఫోనూ ముందే మైపాడు పంపేయాలనీ నిర్ణయించుకున్నాను.

నెల్లూరులో మా అక్క ఉంది. అయినా లాడ్జిలో దిగాను. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి నీళ్లెక్కినప్పటి నుంచీ వానంటే ఆమెకు టెన్షన్. నల్లమబ్బు కనిపిస్తే నన్ను గడప దాటనివ్వదు. బావ మాత్రం నా పక్షం. స్కూటీ మీద నా బ్యాగు మైపాడు చేరుస్తానన్నాడు. అక్కకి ఏం చెప్పి బయటపడ్డాడో నేనడగలేదు.

లాడ్జి ఆర్టీసీ బస్టాండుకి దగ్గర, గది 1,100 రూపాయలు. పక్క శుభ్రంగా ఉంది కానీ వేడినీళ్లు ఆరు తర్వాతే. పొద్దున నాలుగున్నరకి గేటు తీయమంటే వాచ్‌మన్ నన్ను పైనుంచి కిందదాకా చూసి, ‘సార్, గది కాళీ చేస్తన్నారా?’ అన్నాడు. పరుగుకని చెప్తే నమ్మలేదు. ఉదయం పరుగులవాళ్లు గది తీసుకునే ముందు అడగాల్సింది గేటు తాళం ఎవరి దగ్గరుంటుందని. ఏసీ సంగతి తర్వాత.

ఊళ్లోనే ఆరు కిలోమీటర్లు చుట్టి మైపాడు గేటు దాటేసరికి తెల్లవారింది. తొడల మధ్య, చంకల్లో వాజిలైన్ దండిగా పూసుకున్నాను. తడి బట్ట రాపిడికి చర్మం లేస్తే ముప్పై కాదు కదా, మూడు కూడా నడవలేం. టోపీకి ముందు అంచు ఉండటం వల్ల కళ్లలోకి నీళ్లు పోలేదు. వానలో దాహం తెలియదు, చెమట మాత్రం పోతూనే ఉంటుంది. లీటరుకు ఒక ప్యాకెట్ కలిపిన ఓఆర్ఎస్ నీళ్లు నడుం బెల్టు సీసాల్లో పోసుకుని, దాహం లేకపోయినా అరగంటకోసారి గుక్కెడు తాగాను.

రోడ్డుకి అటూ ఇటూ వరి నాట్లు. తలమీద ప్లాస్టిక్ పట్టలు కప్పుకుని ఆడవాళ్లు వంగి నాటుతున్నారు. ఒకామె నడుం ఎత్తి, ‘ఎవురు తరుముతున్నారు నాయనా?’ అంది. మిగతావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఆ నవ్వు ఒక కిలోమీటరు నడిపించింది.

ఇందుకూరుపేట దగ్గర ఉరుములు మొదలయ్యాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే ఆగిపోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట కదలకూడదు. ఇందులో మొండితనం పనికిరాదు. బస్ షెల్టర్‌లో నిలబడ్డాను. పరుగులో లేని చలి ఆగాక పట్టుకుంది. పళ్లు టకటకలాడుతున్నాయి, పిక్కలు బిగుసుకుంటున్నాయి. షూలో వేళ్లు కదిపితే నీళ్లు పిచుక్‌మంటున్నాయి. అప్పుడొచ్చి ఆగింది షేర్ ఆటో. ఖాళీ చేపల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ‘మైపాడుకేనా, ఎక్కన్నా’ అన్నాడు డ్రైవరు. జేబులో కవరులో చుట్టిన వంద నోటు ఉంది. ఒక కాలు ఎత్తాను కూడా. ‘నెల్లూరు నించి ఉరుక్కుంటా వచ్చినావా? ఇంకెంతలే, పో’ అంటూ ఒకామె గంపని నా చోటులోకి జరిపింది. ఆటో పోయింది. ఆమె మీద కోపమే వచ్చింది, నిజం చెప్పాలంటే.

ఉరుములు ఆగిన అరగంటకి మళ్లీ కదిలాను. మొదటి రెండు కిలోమీటర్లూ పరుగు కాదు, కుంటడం. మైపాడు దాకా అని అనుకోలేదు, తర్వాతి కరెంటు స్తంభం దాకా అనుకున్నాను. స్తంభాలు అయ్యాక రొయ్యల చెరువులు. ఒక చెరువులో నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు వెనకపడేలోపు ఇంకోదాని చప్పుడు వినబడేది. ఎదురుగాలి చివరిదాకా వదల్లేదు. ఈ రూటుకి ఉన్న పెద్ద లోపం అదే. సముద్రం కనబడేసరికి వాచీలో 29.3 ఉంది. బీచ్ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగి 30 చేశాను.

అక్కడ బుక్ చేసుకున్న బస ఒక పెద్ద నిరాశ. పేరు వద్దులెండి. తొమ్మిదికల్లా గది ఇస్తామని ఫోన్లో చెప్పి, వచ్చాక పన్నెండు అన్నారు. తడిసిన మనిషిని లోపల సోఫాలో కూర్చోవద్దన్నారు, అది మాత్రం న్యాయమే. బయట పంపు దగ్గర కాళ్లు కడుక్కుని, బావ తువ్వాలు అడ్డం పెడితే బట్టలు మార్చుకున్నాను. ఆ పొడి కాటన్ చొక్కా ఒంటికి తగిలినప్పుడు కలిగిన హాయి ఏ గదిలోనూ రాదు. మధ్యాహ్నం వాళ్లే పెట్టిన చేపల పులుసు మాత్రం మామిడికాయ ముక్కలతో అద్భుతంగా ఉంది. గదికి పెట్టిన డబ్బు అక్కడ కాస్త వసూలైంది.

షూలో పాత పేపర్లు కుక్కి, రెండు గంటలకోసారి మార్చాం. పరుగు అయ్యాక తినాలని తెచ్చుకున్న నాలుగు మలై కాజాల్లో బ్యాగులో ఒకటే మిగిలింది. ‘వానలో నువ్వు రావనుకున్నా బామ్మర్దీ’ అన్నాడు బావ, మూతి తుడుచుకుంటూ.