బండల వ్యాపారంలో ఐపీ ఫోన్లు: ఏళ్లు వాడి చెబుతున్నా

మాది కడప నాపరాళ్ల వ్యాపారం. ఎర్రగుంట్ల దగ్గర పాలిష్ యూనిట్, కడప టౌన్లో సేల్స్ ఆఫీసు. పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే ఎక్స్ఛేంజీ డబ్బా) తీసేసి రెండు చోట్లా ఐపీ ఫోన్లు, అంటే నెట్ తీగ మీద మాట్లాడేవి, పెట్టి చాన్నాళ్లయింది. తోటి వ్యాపారస్తులు వచ్చి "ఏ కంపెనీది తీసుకోమంటావన్నా?" అంటే, "మీ స్విచ్ ఏది, దానికి యూపీఎస్ ఉందా?" అని ఎదురు అడుగుతాను. స్విచ్ అంటే ఆఫీసులో నెట్ తీగలన్నీ వచ్చి కలిసే డబ్బా. ఫోను సంగతి ఆ తర్వాతే.

పాత ల్యాండ్‌లైనుకు కరెంటు ఎక్స్ఛేంజీ నుంచి తీగలోనే వచ్చేది. వీధంతా చీకటైనా ఫోను మోగేది. ఐపీ ఫోనుకు ఆ సుఖం లేదు. దాన్ని దక్కించుకోవాలంటే పీఓఈ స్విచ్ కొనాలి, అంటే నెట్ తీగలోనే ఫోనుకు కరెంటు కూడా పంపేది. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల దాకా ఇస్తుంది. మామూలు నలుపు తెలుపు ఫోనుకు అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. మేము స్విచ్, రూటర్, ఫైబర్ డబ్బా, పీబీఎక్స్ (ఈ ఫోన్లకు ఎక్స్ఛేంజీ పని చేసేది) అన్నిటినీ ఒకే యూపీఎస్ మీద పెట్టాం. ఎండాకాలం కోతల్లో ఫ్యాన్లు ఆగిపోయి చెమటలు కక్కుతుంటాం గానీ ఫోన్లు మాత్రం మోగుతూనే ఉంటాయి.

కాబట్టి కొనేటప్పుడు మోడల్ నంబరు చివరి అక్షరం చూడండి. యీలింక్ కంపెనీ టీ31కి పీఓఈ లేదు, టీ31పీకి ఉంది. గ్రాండ్‌స్ట్రీమ్ జీఆర్‌పీ2601, 2601పీ కూడా అంతే. కాస్త తక్కువకు వస్తుందని పీ లేనిది తీసుకుంటే టేబుల్‌కో అడాప్టరు, అడాప్టరుకో ప్లగ్గు కావాలి. ఊడ్చేటప్పుడు అది ఊడొస్తే ఆ సీటు ఫోను పోయినట్టే.

అకౌంట్స్, డిస్పాచ్ సీట్లకు టీ31పీ పెట్టాం. రెండు సిప్ ఖాతాలు (ఒక్కో ఖాతా ఒక్కో లైను లాంటిది), చిన్న తెర. గుమాస్తాకు అంతకంటే ఏం పని? రిసెప్షన్లో మాత్రం టీ46యూ. 4.3 అంగుళాల రంగు తెర, పక్కన మీటల వరస. ఎవరు లైన్లో ఉన్నారో లైటు చూసి తెలుసుకుని కాల్ మళ్లించేది అక్కడి అమ్మాయే. ఓనరు గదిలో ఖరీదైన ఫోను పెట్టి రిసెప్షన్లో చవకది పెట్టే ఆఫీసులు చాలా చూశాను. ఓనరు ఎలాగూ సెల్లు దించడు.

ఒక చిన్న లెక్క. ఫోను వెనక కంప్యూటరుకని ఇంకో పోర్టు ఉంటుంది. టీ31పీలో అది 100 ఎంబీపీఎస్‌దే. ట్యాలీకి అది చాలు. కెమెరా రికార్డింగులు కాపీ చేసే కంప్యూటరుకు విడిగా తీగ లాగాం. విడి తీగ వద్దనుకుంటే గిగాబిట్ ఉన్న టీ33జీకి వెళ్లొచ్చు.

అసలు పరీక్షంతా యూనిట్‌లోనే. రాతి పొడి దూరని సందు ఉండదక్కడ. మేము వాడిన ఒక ఫోనులో రిసీవరు పెట్టే చోట మీట పొడి పట్టి బిగుసుకుపోయేది. రిసీవరు పెట్టేసినా ఎత్తినట్టే లెక్క, బయటివాళ్లకు ఎప్పుడూ ఎంగేజే. ఇప్పుడు షెడ్డులో ఫోన్లన్నీ గోడకే. గోడకు బిగించే బ్రాకెట్ పెట్టెలో రాకపోవచ్చు, అడిగి కొనండి. రాళ్లు పేర్చిన యార్డులో తిరిగే సూపర్‌వైజరు చేతికి డెక్ట్ రకం కార్డ్‌లెస్ ఇచ్చాం. యీలింక్ డబ్ల్యూ73పీలో ఒక బేస్‌కు (సిగ్నలిచ్చే డబ్బా) పది హ్యాండ్‌సెట్ల దాకా పడతాయి.

యూనిట్ ఆఫీసు నుంచి షెడ్డు దూరమా? రాగి నెట్ కేబుల్ 100 మీటర్లకు మించి పోనివ్వకూడదు. అంతకంటే దగ్గరే అయినా ఆరుబయట ఫైబరే వేయండి. మే నెల ఉరుముల్లో పిడుగు దగ్గర్లో పడితే రాగి తీగ ఆ దెబ్బను రెండు కొసలకూ మోస్తుంది. ఫైబర్ గాజు కాబట్టి ఆ భయం లేదు.

మాట నాణ్యతకు నెట్ స్పీడు పెంచమని అమ్మేవాళ్లు చెబుతారు. మామూలు జీ.711 కాల్‌కు (మాటను అంకెలుగా మార్చే పద్ధతుల్లో ఒకటి), ప్యాకెట్ల మీద చిరునామాల్లాంటి హెడర్లతో కలిపి, ఒక్కో దిక్కుకు సెకనుకు దాదాపు 87 కిలోబిట్లే పడుతుంది. పది కాల్స్ కలిపినా ఒక మెగాబిట్ దాటదు. మాట తెగేది స్పీడు చాలక కాదు. కెమెరాల వీడియో పైకి ఎక్కుతున్నప్పుడు మాట ప్యాకెట్లు దాని వెనక నిలబడిపోతాయి. రూటర్లో మాటకు ముందు వరస ఇస్తే మా దగ్గర సగం గొడవ తీరింది. మిగతా సగం సిప్ ఏఎల్‌జీ, అంటే నెట్ కాల్స్‌లో రూటర్ తనంతట తాను వేలు పెట్టి చేసే మార్పులు. అవతలి మాట మనకు వినబడుతూ మన మాట వాళ్లకు వినబడకపోతే రూటర్లో ముందు దాన్ని ఆపేసి చూడండి. హెచ్‌డీ వాయిస్ అని డబ్బాల మీద రాస్తారు గానీ, మా లోపలి కాల్స్‌కే ఆ తేడా తెలిసింది. స్పీకర్‌ఫోనైతే ఏ కంపెనీదైనా మా ఆఫీసులో బావిలో మాట్లాడినట్టే ఉంటుంది. కింద నాపరాళ్లు, చుట్టూ నున్నటి గోడలు, పాపం ఫోనేం చేస్తుంది?

బిల్లుల మీదా లారీల మీదా అచ్చయిన 08562 నంబరు వదులుకోలేం కదా. ఫైబర్ డబ్బా ఫోను పోర్టును పీబీఎక్స్‌లో మామూలు ల్యాండ్‌లైను తీగ పట్టే ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు కలిపాం. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను మీద సెల్లుకు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. అది మావాళ్లకు ఎంత చెప్పినా గుర్తుండదు. పీబీఎక్స్ డయల్ ప్లాన్‌లో, అంటే కొట్టిన నంబరును ఎలా పంపాలో రాసే చోట, పది అంకెలకు ముందు సున్నా దానంతటదే చేరేట్టు రాసేశాం. అదే మెనూలో ఐఎస్‌డీ మూసేయండి, డబ్బాతో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చేయండి.

బెంగళూరు ఆఫీసులు తీసేసిన సిస్కో ఫోన్లు చవగ్గా దొరుకుతాయి. బలమైనవే, కాదనను. కానీ 7800, 8800 వరసల్లో సిస్కో సొంత కాల్ మేనేజరు కోసమే తయారైనవి వేరు, ఇతర పీబీఎక్స్‌లకు పడేవి వేరు. పార్టు నంబరులో త్రీపీసీసీ (3PCC) అని లేకుంటే ముట్టుకోకండి.

ఇన్నేళ్లలో మాకు ఎక్కువగా పోయినవి ఫోన్లు కావు, రిసీవరు చుట్టల తీగలు. లాగి లాగి మెలికపడి లోపల తెగుతాయి. విడిగా కొన్ని తెప్పించి పెట్టుకోండి, మాకు ఒక కంపెనీది ఇంకోదానికి పట్టింది. హెడ్‌సెట్ సంగతి వేరు. ప్లగ్గు దూరినా లోపలి తీగల వరస కంపెనీకో రకం, కాబట్టి ఫోను మోడల్ చెప్పి మరీ కొనండి.